చీమలు పట్టని ఇల్లు

మంగతాయారును చంపింది ఆమె సొంత తమ్ముడు. ఊళ్ళోవాళ్ళు షుగరుతో పోయిందన్నారు. బెజవాడ ఆసుపత్రిలో కాలి పుండు విషమెక్కి పోయిందన్నారు. కర్మలకొచ్చిన చుట్టాలు ఆయుష్షు అంతవరకేనన్నారు. భర్త బసవయ్య ఎవరితోనూ వాదించలేదు. అందులో వాదించడానికేమీ లేదు.

ఆ తమ్ముడి పేరు శేషగిరి. తల్లి పురిట్లోనే కన్నుమూస్తే అక్క చంకలో పెరిగాడు. మంగతాయారు కాపరానికి వస్తూ వాణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చింది. కొత్త పెళ్ళికూతురి చెంగు పట్టుకుని ఒక పిల్లవాడు బండి దిగడం చూసి కొత్తూరుపాడు ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. తరువాత ఆమెకు కడుపు పండలేదు. ఆమె దాన్ని లోటనుకోలేదు. వాడి ముక్కు తుడిచింది, వాడి పలక తుడిచింది, తెల్లవారితే మామిడి పుల్ల విరిచి, కొస నమిలి మెత్తచేసి, పళ్ళు తోముకోమని వాడి చేతికిచ్చింది.

శేషగిరి ఊరి బడి నుంచి నూజివీడుకు, నూజివీడు నుంచి హైదరాబాదుకు పోయాడు. పురుగుల మీద పరిశోధన చేసి డాక్టరయ్యాడు.

"మనుషుల డాక్టరైతే ఎవరికైనా పనికొచ్చేవాడు," అన్నాడు బసవయ్య.

ఐదో తరగతితో బడి మానేసిన మనిషన్న మాట అది. మంగతాయారు ఆ పూట అతనికి అన్నం వడ్డించి పక్కన కూర్చోకుండా వెళ్ళిపోయింది.

బసవయ్యది చిన్నరసాల మామిడి తోట. ఎర్రనేల మెరకలో తండ్రి వేసిన చెట్లు. ఒక్కొక్క మొదలు ఇద్దరు మనుషులు చేతులు చాస్తే గానీ అందేది కాదు. ఆ చెట్లకు కాండం తొలిచే పురుగు పట్టింది. చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. మొదలు దగ్గర రంపపు పొట్టులాంటిది కొంచెం రాలుతుంది. తరువాత ఒక కొమ్మ ఎండుతుంది. మరుసటేడుకు చెట్టు ఉండదు. బసవయ్య కన్నం కన్నానికీ ఇనప తీగ దూర్చి పురుగును గుచ్చి లాగేవాడు. పెట్రోలు తడిపిన దూది కుక్కి బంకమట్టి మెత్తేవాడు. ఒక కన్నం మూస్తే పైన ఇంకొకటి తెరుచుకునేది.

వానలు వెనకబట్టాక శేషగిరి జీపులో దిగాడు. దానిలోంచి బర్మా యంత్రం, ప్లాస్టిక్ బిరడాలు, మందు నింపిన సంచులు దించాడు. నడుమెత్తున మొదలుకు ఏటవాలుగా కన్నం వేసి, బిరడా బిగించి, సంచిని పైకొమ్మకు వేలాడదీశాడు. పసుపుపచ్చ నీళ్ళు చుక్క చుక్కగా చెట్టులోకి దిగాయి.

"చెట్టుకు సెలైనేంట్రా?" అన్నాడు బసవయ్య.

"సెలైనే అనుకో బావా."

"చిన్నప్పుడు సూది పేరెత్తితే గడ్డివాములో దాక్కునేవాడివి," అంది మంగతాయారు. "ఇప్పుడు నోరులేని చెట్టు దొరికిందా నీకు?"

"అక్కా, చెట్టు ఏడవదే. చూడు, ఎంత బుద్ధిగా తాగుతుందో."

అతను చేతిసంచిలోంచి ఒక గాజు సీసా తీశాడు. అందులో బొటనవేలంత పురుగు, ఒంటికంటే పొడుగు మీసాలతో, గోడ పట్టుకుని తిరుగుతోంది. సీసాలోకి రెండు మామిడి పుల్లలు జారవిడిచాడు. ఒకటి ఈ తోటలోది. ఇంకొకటి తమ ప్రయోగశాలలో మందెక్కించిన చెట్టుది. పురుగు మీసాలాడించుకుంటూ వచ్చి తోట పుల్లను కావలించుకుంది. దాన్ని పట్టకారుతో ఊడదీసి రెండోదాని మీద పెట్టాడు. అది గాజు మీద నడిచినట్టే పుల్ల మీద నడిచి, దిగి, మళ్ళీ మొదటి పుల్ల దగ్గరికే పోయింది.

"కళ్ళు కనిపించవా దానికి?" అంది మంగతాయారు.

"పురుగు చెట్టును ముక్కుతో చూస్తుందక్కా. చెట్టు వాసన లేకపోతే దాని లెక్కలో అక్కడ చెట్టే లేదు. ఈ నీళ్ళలో కంటికి కనపడని జీవి ఉంది. బెరడులో, ఆకులో కాపురం పెట్టి వాసనను పుట్టింది పుట్టినట్టు తినేస్తుంది. దాని తిండి అదే. పురుగును చంపే పని లేదు, విషం చల్లే పని లేదు."

"కాయలోకి పోదా?"

"పోదు. పూతలోకీ కాయలోకీ పోకుండానే తయారుచేశాం. కాయలు కోసి కోసి చూశాం. నిశ్చింతగా తినొచ్చు."

మంగతాయారు నవ్వింది. "నాకెందుకురా, నా షుగరుకి. తినేవాళ్ళు తింటారులే."

మర్నాడు తెల్లవారాక శేషగిరి నూతి దగ్గర నిలబడి బ్రష్షుతో పళ్ళు తోముకుంటున్నాడు. బసవయ్య ఎప్పటిలాగే పశువుల పాక పక్కనున్న చెట్టు కింది కొమ్మ నుంచి రెండు పుల్లలు విరిచి, ఒకటి భార్యకిచ్చాడు. నిన్న సంచి వేలాడదీసిన చెట్టే అది. ఆ ఇంట్లో పేస్టు డబ్బా ఎప్పుడూ లేదు.

"నోట్లో సబ్బు నురగేంట్రా, గోచీ ఉతికినట్టు," అంది మంగతాయారు పుల్ల నములుతూ.

"మీరింకా ఆ పుల్లలేనా?" అని శేషగిరి నవ్వి, పుక్కిలించి ఉమ్మేశాడు.

ఎదురుగా నిలబడ్డాడు. చూశాడు. మాట కూడా అన్నాడు. బసవయ్య లెక్క ఆ నూతి దగ్గరే మొదలవుతుంది.

మందు పనిచేసింది. అందులో అబద్ధం లేదు. మరుసటి ఏడు పొట్టు రాలడం ఆగింది. ఎండిన కొమ్మల పక్కనుంచి ఎర్రటి చిగుళ్ళు లేచాయి. చెట్లమీద ఆకులు కుట్టుకుని గూళ్ళు పెట్టే ఎర్రచీమలు కూడా తోట ఖాళీచేసి పోయాయి. కోతకొచ్చిన మనుషులు ఒళ్ళు గోక్కోకుండా కొమ్మలెక్కి పాటలు పాడారు. శేషగిరి ఎవరెవరినో వెంటబెట్టుకొచ్చి చెట్లను చూపించాడు. వాళ్ళు చెట్లను నిమిరి, ఫోటోలు దిగి, మంగతాయారు చేతి పులిహోర తిని పోయేవారు.

తరువాత దోమలు పోయాయి. ఊరంతటికీ దోమలే, ఈ ఇద్దరి దగ్గరికే రావు. పొద్దుగూకితే పాకలో పొగపెట్టుకుని కూర్చునే మంగతాయారు ఆ పని మానేసింది. వేసవిలో వచ్చిన శేషగిరి అరుగుమీద కూర్చుని తొడలు చరుచుకుంటుంటే ఆమె పక్కనే హాయిగా కాళ్ళు చాపుకుంది.

"పట్నం రక్తం తియ్యగా ఉందేమోరా వాటికి."

"నీ రక్తం చేదెక్కిందిలే అక్కా, బావతో ఇన్నాళ్ళు కాపరం చేసి."

ముగ్గురూ నవ్వారు. పురుగు ఏ వాసనకు వస్తుందో, ఏ వాసనకు పోతుందో చదివి డాక్టరైనవాడు, అక్క ఒంటిమీద ఒక్క దోమ వాలకపోవడం చూసి పరాచికమాడి, మంచం వేసుకుని దోమతెర కట్టుకుని పడుకున్నాడు.

మంగతాయారు షుగరు సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమెకు ఆ జబ్బుందని మొదట చెప్పింది చీమలు. నీరసమని ఊళ్ళో ఆరెంపీ డాక్టరు దగ్గరికి పోతే ఆయన నాడి పట్టుకుని, "అమ్మా, మీ స్నానాలగది తూము దగ్గర చీమలు పడుతున్నాయా?" అనడిగాడు. పడుతున్నాయి. బారులు తీరి పడుతున్నాయి. అప్పుడు రక్తం పరీక్ష చేయిస్తే ఆయన మాటే నిజమైంది. అప్పటినుంచి ఆమెకు ఆసుపత్రి మిషను కంటే చీమల మీదే గురి. బారు పలచబడితే బిళ్ళ పనిచేస్తోందనేది. చిక్కబడితే మర్నాడు అన్నం తగ్గించి రాగి సంకటి తినేది. పండుగకు బూరె తిన్నా, చెల్లెలి వరసవాళ్ళింట్లో పాయసం తాగినా, చీమలు ఆమె గుట్టు బయటపెట్టేవి.

"అత్తలేని లోటు తీరుస్తున్నాయయ్యా ఈ చీమలు," అనేది.

ఆ చీమలు రావడం మానేశాయి. మొదట ఆమె నమ్మలేదు. రోజూ తూము దగ్గర వంగి చూసింది. ఆ మూల తడిగా, శుభ్రంగా ఉంది. వారం గడిచినా అంతే. ఒకనాడు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముఖం పెళ్ళినాటి ముఖంలా ఉంది.

"ఏమయ్యా, నా షుగరు పోయింది."

"ఎవరు చెప్పారు?"

"చీమలు. ఒక్కటి లేదు. కావాలంటే వచ్చి చూసుకో."

"నూజివీడు పోయి రక్తం చూపించుకుందాం పద."

"ఉన్నప్పుడు చీమలు చెప్పింది నిజమే కదా. పోయినప్పుడు చెప్పింది అబద్ధమా? మళ్ళీ సూదులు గుచ్చి, ఏదో ఒకటి ఉందని చెప్పి పంపిస్తారు. నేను రాను."

తమ్ముడికి ఫోను చేసింది. శేషగిరి ఏదో మీటింగులో ఉన్నాడు. పక్కన మనుషుల మాటలు వినిపిస్తున్నాయి.

"చీమలు పట్టడం లేదురా. జబ్బు దిగిపోయింది."

"మంచిదే అక్కా. మందులు మాత్రం మానకు. మళ్ళీ చేస్తా."

మళ్ళీ చేయలేదు. ఆమె మందులు మానేసింది.

అది కాపు నిండుగా వచ్చిన ఏడు. తోట పెట్టుకుని, ఏళ్ళ తరబడి పండు ముట్టని మనిషి. గంపలకెత్తేటప్పుడు వాసన చూసి గడ్డిలో పెట్టేసేది. ఆ వేసవి ఆమె చిన్నరసం రెండు చేతుల మధ్య పెట్టి పిసికి, ముచ్చిక తీసి, పిల్లలా జుర్రుకుంది. మోచేతుల దాకా కారితే నాకేసింది. చెట్టున ముగ్గిన పండు ఏరి, కడిగి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది బసవయ్యే.

"ఇంకొకటి ఉందా అయ్యా?" అనేది.

ఉండేది. తోటంతా ఉండేది.

వానాకాలంలో గేదె తిరగబడింది. దూడప్పటినుంచి మంగతాయారు చేతిలోనే పెరిగిన గేదె. ఆమె పాకలో అడుగుపెడితే చాలు, పొదుగు చేపి పాలు దించేది. అలాంటిది ఆమెను చూసి ముట్టె ఎత్తి బుస్సుమంది. పొదుగు కడగబోతే తన్నింది. మంగతాయారు పేరుపెట్టి పిలిచింది, గంగడోలు నిమిరింది, చిట్టు కలిపి పెట్టింది. ఆమె గొంతు వింటే గేదె చెవులు రిక్కించేది. దగ్గరికొస్తే మాత్రం ఎవరో పరాయిది వచ్చినట్టు గింజుకునేది.

"నేనేనే, కళ్ళు పోయాయా నీకు?" అంటూ ఆమె మొండిగా చెంబు పట్టుకుని కూర్చుంది. గేదె పక్కకు జరిగి డెక్కతో ఆమె పాదం తొక్కింది.

పెద్ద గాయమేం కాదు. బొటనవేలి పక్కన చర్మం లేచింది. ఆమె పసుపు అద్ది గుడ్డ చుట్టుకుంది. షుగరు మనిషి పాదం తిమ్మిరిగా ఉంటుంది, నొప్పి పెద్దగా తెలియదు. పుండు పాడైతే చీము కంపు కొడుతుంది, ఈగలు ముసురుతాయి. పక్కమనిషి ముక్కు మూసుకుని, ఏమిటా కంపని అడుగుతాడు. ఏ ఇంట్లోనైనా అలాగే బయటపడుతుంది. ఆ ఇంట్లో కంపు రాలేదు. ఒక్క ఈగ వాలలేదు. ఆమె గుడ్డ మార్చుకుంటూ తిరిగింది. బసవయ్య అడిగినప్పుడల్లా "ఆరిపోతుందిలే" అంది. జ్వరం వచ్చి మంచం ఎక్కాక అతనే గుడ్డ విప్పాడు. మడమ దాకా నల్లబడి ఉంది.

బెజవాడ ఆసుపత్రిలో సర్జను పాదం చూసి, వంగి, మళ్ళీ ముక్కు ఎగబీల్చి చూశాడు.

"ఇంత కుళ్ళితే ఇల్లంతా వాసన రావాలి. మీకు తెలియలేదా పెద్దాయనా?"

"రాలేదండీ."

"రాకపోవడమేంటి?" అని సర్జను నర్సు వైపు చూశాడు. ఆమె కూడా తల అడ్డంగా ఊపింది. అతనికి దాని గురించి ఆలోచించే తీరిక లేదు. మోకాలి కింద తీసేశారు. విషం అప్పటికే పైకి పాకింది. మంగతాయారు మళ్ళీ కళ్ళు తెరవలేదు.

శేషగిరి వచ్చి ఆమె మంచం పట్టీ పట్టుకుని నేలమీద కూర్చుండిపోయాడు. కర్మలయ్యేదాకా ఉన్నాడు. అప్పటిదాకా బసవయ్యకు అతని మీద కోపమేమీ లేదు. ఇద్దరూ ఒకే గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఎవరో పెడితే తిన్నారు.

చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాటి పొద్దున బసవయ్య పాక పక్కకు పోయి అలవాటుగా రెండు పుల్లలు విరిచాడు. రెండోదాన్ని చూసుకుని అలాగే నిలబడిపోయాడు. వెనకనుంచి శేషగిరి గొంతు వినిపించింది. అది అతని గొంతులా లేదు.

"బావా. ఆ చెట్టు పుల్లా?"

"ఏ చెట్టుదైతే ఏంటి?"

"అక్క కూడా? రోజూనా? ఎప్పటినుంచి?"

"నువ్వు పలక పట్టకముందు నుంచి."

శేషగిరి నూతి చప్టా మీద కూలబడ్డాడు. కాసేపటికి ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. దోమలు ఎప్పుడు పోయాయి? చీమలు ముందా, దోమలు ముందా? గేదె ఎప్పుడు తన్నింది? పుండు మీద ఈగలు వాలాయా? బసవయ్య చెప్పినకొద్దీ అతని ముఖంలో రక్తం దిగిపోయింది. చివరికి తనే చెప్పాడు. మందులోని జీవి బెరడులో కాపురముంటుంది. పుల్ల నమిలితే చిగుళ్ళలో దిగుతుంది. అక్కడినుంచి ఒళ్ళంతా పాకుతుంది. చీమ కూడా తన దారిని వాసనతోనే గీసుకుంటుంది. అక్క ఒంటినుంచి పోయిన నీటిలో ఆ జీవి ఉంది. గీసిన దారిని గీసినట్టే అది తుడిచేసింది. షుగరు ఎక్కడికీ పోలేదు.

"ప్రయోగశాలలో ఎలుకలకు ఆకులు పెట్టాం బావా. తల్లి ఎలుకలు పిల్లల్ని గుర్తుపట్టలేదు, పాలివ్వకుండా వదిలేశాయి. మనుషులు మామిడాకులు తినరు కదా అనుకున్నాం. పండు తింటారు. పండులో లేదు. అంతే చూశాం. పుల్ల... ఎవరికీ తట్టలేదు."

"ఎవరి సంగతో నాకెందుకు? నీకు తట్టలేదా?"

శేషగిరి బసవయ్య చేతిలోని పుల్లల వైపు చూశాడు.

"మీ అక్క నమిలి ఇచ్చిన పుల్లతో పళ్ళు తోమావు. పట్నంలో బ్రష్షు కొనుక్కున్నావు. అంతటితో లోకంలో పుల్లలన్నీ మాయమయ్యాయనుకున్నావు. ఇదే చప్టా దగ్గర మేం నములుతుంటే చూసి నవ్వావు."

చివరికి శేషగిరి ముఖం కడుక్కుని లేచాడు.

"బావా, నువ్వు నాతో రా. ఈ మందు జిల్లా అంతా పోబోతోంది. జామకి, బత్తాయికి, అన్నిటికీ. మా డైరెక్టరుకి నేను చెబితే వినడు. అక్క షుగరుతో పోయిందంటాడు. నువ్వు చెప్పు. నీ ఒళ్ళే రుజువు. ఆపిద్దాం."

బసవయ్య లోపలికి పోయి మంగతాయారు పెట్టె తెరిచాడు. ఆమె విడిచిన చీర ఒకటి ఉతక్కుండా దాచి ఉంచాడు. ముఖానికి పెట్టుకున్నాడు. నూలు తగిలింది. ఇంకేమీ లేదు. కొట్లోంచి తెచ్చిన కొత్త చీరకైనా గంజి వాసన ఉంటుంది. దీనికి అదీ లేదు. మడిచి పెట్టేసి, చెప్పులేసుకుని బయటికొచ్చాడు.

"పద," అన్నాడు.

ప్రయోగశాల హైదరాబాదు చివర, చల్లటి అద్దాల మేడ. డైరెక్టరు పేరు నీలకంఠం. మర్యాదస్తుడు. బసవయ్యను తన ఎదురుగా మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. బసవయ్య కాఫీ ముట్టలేదు. నూతి దగ్గర మొదలుపెట్టి ఆసుపత్రి దాకా చెప్పాడు. ఎక్కడా గొంతు పెంచలేదు. పళ్ళు తెచ్చిచ్చింది తనేనని కూడా చెప్పాడు. నీలకంఠం మధ్యలో అడ్డురాలేదు.

"చాలా బాధాకరం పెద్దాయనా. కానీ మీ ఆవిడకు షుగరుంది. మందులు మానేశారు. ఏ డాక్టరైనా అదే అంటాడు. మా మందు వల్లనే అని దేన్నిబట్టి అనుకోమంటారు?"

"రండి, చూపిస్తాను సార్," అన్నాడు శేషగిరి.

పక్క గదిలో బల్లమీద బట్టతెర పెట్టెలున్నాయి. ఒక్కొక్కదానిలో వందల దోమలు. పెట్టె పక్కన చొక్కా చేతిలాంటి బట్ట గొట్టం ఉంది. శేషగిరి మోచేతి దాకా మడిచి చెయ్యి లోపల పెట్టాడు. చూస్తుండగానే ఆ చెయ్యి నల్లగా కదిలింది. పళ్ళు బిగించి, చాలనిపించాక బయటికి తీశాడు. దద్దుర్లు గుత్తులుగా లేచాయి.

"ఇప్పుడు నువ్వు బావా."

బసవయ్య చెయ్యి పెట్టాడు. దోమలు ఎగురుతున్నాయి. అతని వేళ్ళ మధ్యనుంచి ఎగురుతున్నాయి. ఒక్కటి వాలలేదు. పెట్టెలో చెయ్యే లేనట్టుంది వాటికి.

నీలకంఠం కళ్ళజోడు సర్దుకుని పెట్టె దగ్గరికి వంగాడు. వంగినవాడు లేవలేదు. ఆ వంగడం చూసి, ఆయనకు అర్థమైందనుకున్నాడు బసవయ్య.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?" గొంతులో మర్యాద పోయి ఆత్రం వచ్చింది.

"మందెక్కించిన మరుసటేడు నుంచి."

"పుల్ల నమలడం ఒక్కటేనా? ఇంకేమీ వాడలేదా?"

"లేదు."

"పుల్ల మానేశాక కూడా పోలేదా?"

"మానేసి కొన్నాళ్ళయింది. పోలేదు."

"అద్భుతం. మరి ఇబ్బందులేమైనా? నిద్ర, ఆకలి, దురద?"

"నా భార్య చచ్చిపోయింది."

"అది కాదు పెద్దాయనా. మీకు?"

బసవయ్య చెయ్యి ఇంకా పెట్టెలోనే ఉంది. బయటికి తీసుకున్నాడు. నీలకంఠం అప్పటికే శేషగిరి వైపు తిరిగాడు.

"మనం చెట్ల దగ్గరే ఆగిపోయాం శేషగిరీ. మలేరియా, డెంగీ, ఏటా ఎంతమంది పోతున్నారో నీకు తెలుసు. ఇంత చిన్న మందుతో మనిషినే దోమకు కనపడకుండా చేయొచ్చు. షుగరున్నవాళ్ళు వాడకూడదని సీసా మీద ఒక వాక్యం వేస్తే సరిపోతుంది. మన్యంలో ఒక ఊరు చూసుకుని మొదలుపెడదాం. నువ్వే చూసుకో. నీకంటే తెలిసినవాళ్ళెవరున్నారు?"

బసవయ్య బామ్మర్ది ముఖంలోకి చూశాడు. ఇప్పుడు చెబుతాడనుకున్నాడు. అక్క పెంచిన నోరు, అక్క చదివించిన నోరు. శేషగిరి తన చేతిమీది దద్దుర్లు గోక్కున్నాడు. ఇంకొకసారి గోక్కున్నాడు.

"సరే సార్," అన్నాడు.

బసవయ్య ఒక్కడే బస్సెక్కి ఊరికొచ్చాడు.

చెట్లు కొట్టించాడు. రంపాల వాళ్ళు పండే చెట్లను కొట్టడమేమిటని గొణిగారు. ఊళ్ళోవాళ్ళు పెళ్ళాం పోయి మతి చెడిందన్నారు. కొన్న టింబరు వాళ్ళు కావలసినవి తీసుకెళ్ళారు. అక్కరలేని మొద్దులు తోటలోనే పడి ఉన్నాయి. వానలు కురిశాయి, ఎండలు కాశాయి. చెదలు పట్టలేదు.

ఆ మొద్దుల మధ్యకే మళ్ళీ శేషగిరి వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం తెల్లబడింది. బసవయ్య కందిచేను కలుపు తీస్తున్నాడు. తలెత్తి చూసి, మళ్ళీ వంగాడు. శేషగిరి ఒక మొద్దుమీద కూర్చున్నాడు.

"బావా, మన్యంలో మొదలుపెట్టారు. ఊరంతటికీ ఇచ్చారు. నేనే ఇచ్చాను." కాస్త ఆగాడు. "అక్కడ షుగరుందో లేదో చూపించుకున్నవాళ్ళు లేరు. తాగేవాళ్ళున్నారు, పుళ్ళున్నవాళ్ళున్నారు. మొన్న ఒకావిడ అడిగింది, బిడ్డ పాలు తాగడం లేదెందుకని. రొమ్ము దగ్గర పెడితే మొహం తిప్పేసుకుంటున్నాడంట."

బసవయ్య కొడవలి ఆగింది. ఒక క్షణమే. మళ్ళీ కదిలింది.

"నాకు నిద్ర పట్టడం లేదు బావా. పేపరువాళ్ళతో మాట్లాడాను. వింటామన్నారు. కానీ నేనొక్కణ్ణీ చెబితే ఉద్యోగం తగాదా అనుకుంటారు. నువ్వు చెప్పాలి. అక్క సంగతి, చీమల సంగతి, అంతా. అక్కడ చెప్పినట్టే ఇంకొక్కసారి."

"అక్కడ చెప్పినప్పుడు నువ్వేం చేశావు?"

శేషగిరి మొద్దు మీది బెరడు గోటితో గిల్లాడు.

"మనిషి చచ్చిందని చెబితే ఆ పెద్దమనిషికి దోమలు వినపడ్డాయి. నువ్వు పక్కనే నిలబడి సరే సార్ అన్నావు. ఈసారి నేను చెప్పిందాంట్లోంచి ఎవడేం ఏరుకుపోతాడో నీకు తెలుసా? నాకు తెలియదు."

"నేను తప్పు చేశాను బావా. నన్ను తిట్టు, కొట్టు. కానీ ఆ ఊళ్ళో జనం ఏం చేశారు? వాళ్ళకెవరు చెబుతారు?"

"నువ్వే చెప్పు. నోరుంది కదా."

"నా మాట నమ్మరు."

"నమ్మకపోతే మళ్ళీ చెప్పు. ఉద్యోగం పోతే పోనీ. ఇంటింటికీ తిరిగి ఆ బిడ్డ తల్లి కాళ్ళమీద పడి చెప్పు. అది నీ పని. నాకు చెప్పగలిగింది ఒక్కసారికే ఉంది. అది మీ అద్దాల మేడలో అయిపోయింది."

శేషగిరి లేచి దగ్గరికి వచ్చాడు. చెయ్యి పట్టుకోబోయాడు. బసవయ్య చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

"బావా, అక్క ఉంటే చెప్పేది."

"అక్క లేదు," అన్నాడు బసవయ్య. అతను నడుము నిటారుగా చేసి బామ్మర్ది కళ్ళలోకి సూటిగా చూశాడు. "విను. మా ఇంటికి రావద్దనను. ఆకలేస్తే రా, అన్నం పెడతాను. కంది గురించి అడుగు, వాన గురించి అడుగు, చెబుతాను. ఆమె ఎట్టా పోయిందో మాత్రం ఈ నోట్లోంచి ఇక రాదు. పేపరువాళ్ళకి రాదు, కోర్టువాళ్ళకి రాదు. నువ్వు చచ్చేముందు అడిగినా నీకు రాదు. ఇప్పుడు పో. చీకటి పడితే బస్సు ఉండదు."

అతను వంగి కలుపు తీయడంలో పడ్డాడు. శేషగిరి ఇంకా ఏదో అన్నాడు. బసవయ్య తరువాతి సాలులోకి జరిగాడు.